ఇమామె ఆజం అబూ హనీఫా: దుకాణం నేర్పిన న్యాయం

మన ఇళ్లల్లో ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) పేరు విననివారు వుండరు. నమాజులో చేతులు ఎక్కడ కట్టుకోవాలి, విత్ర్ ఎన్ని రకాతులు చదవాలి అన్న మాట వచ్చినప్పుడల్లా ఆ పేరు చెప్పుకుంటాం. హనఫీ అని మనల్ని మనం పిలుచుకునేది కూడా ఆయన పేరు మీదనే. అయితే ఆ మహనీయుడు వృత్తి రీత్యా బట్టల వ్యాపారి అనీ, సరుకు అమ్మడం, కొనడం, బేరం కుదరడం, కుదిరిన బేరం చెడడం, చెడితే ఎవరికి ఏమి దక్కాలి అనే విషయాల మీద ఆయన చూపిన దారి 1250 ఏళ్లకు పైబడి లోకంలో నిలిచివున్నదనీ మనలో చాలామందికి తెలియదు. మన సొసైటీ సభ్యులలో దుకాణదారులు, దర్జీలు, పండ్ల వ్యాపారులు, చిన్న కాంట్రాక్టర్లు ఎందరో వున్నారు గనుక, ఆయన జీవితంలో ఆ వైపును కాస్త వివరంగా చెప్పుకోవడం బాగుంటుంది.

కూఫా బజారు

ఆయన అసలు పేరు నూమాన్, తండ్రి పేరు సాబిత్. హిజ్రీ 80లో, అనగా క్రీ.శ. 699లో, ఇరాక్‌లోని కూఫా పట్టణంలో పుట్టారు. తాతగారు కాబూల్ వైపు నుంచి వచ్చినవారని చెబుతారు. అరబ్బు జాతివారు కారు, పారసీక వంశం. కూఫా ఆ రోజుల్లో అన్ని జాతులవాళ్లూ కలిసే పట్టణం. ఒకరి భాష ఒకరికి, ఒకరి ఆచారం ఒకరికి సరిగా తెలియని జనం ఒకే బజారులో బేరాలు చేసుకునేవారు. అటువంటి చోట మాట ఒకటి, అర్థం ఒకటి అయ్యే ప్రమాదం ఎంత వుంటుందో మనం వూహించుకోవచ్చు.

సాబిత్ గారిది బట్టల వ్యాపారం. కొడుకూ అందులోనే దిగాడు. ఖజ్ అనే బట్ట, అంటే పట్టు, ఉన్ని కలిపి నేసిన విలువైన బట్ట, వారి సరుకు. కుర్రవాడు తెలివిగలవాడు, మాటకారి. రోజూ బజారుకు పోతున్న ఆ యువకుణ్ణి చూచి, ఆ కాలపు గొప్ప పండితుడైన ఇమామ్ షాబీ దగ్గరకు పిలిచి, చదువు వైపు రమ్మని సలహా ఇచ్చారట. ఆ సలహా మనసులో నాటుకున్నది.

తరువాత ఆయన హమ్మాద్ బిన్ అబీ సులైమాన్ గారి శిష్యరికంలో చేరి 18 సంవత్సరాలు వున్నారు. హిజ్రీ 120లో గురువుగారు పోయిన తరువాత ఆ ఆసనం మీద శిష్యుడే కూర్చున్నారు. అప్పటికి ఆయన వయసు 40. ఇంత చదివినా దుకాణం మూయలేదు. భాగస్వాములను పెట్టి నడిపించారు. లాభంలోంచి విద్యార్థులకు, పండితులకు బట్టలు, ఖర్చులు ఇచ్చేవారు. పేదింటి పిల్లవాడైన అబూ యూసుఫ్ చదువు మానకుండా ఆదుకున్నదీ ఆ డబ్బే. పాలకుల దగ్గర చేయి చాచవలసిన పని ఆయనకు ఎన్నడూ పడలేదు.

ఆయన పాఠం చెప్పే తీరు కూడా వేరు. ఒక సమస్యను మధ్యలో పెట్టి శిష్యులందరినీ మాట్లాడనిచ్చేవారు. కాదన్నవాణ్ణి కసురుకునేవారు కాదు. అందువల్లనే హనఫీ గ్రంథాల్లో ఒకే పుటలో ఇమామ్ గారి మాట ఒకటి, అబూ యూసుఫ్, ముహమ్మద్ గార్ల మాట మరొకటి పక్కపక్కనే కనిపిస్తాయి.

దుకాణంలో ఆయన తీరు

ఆయన వ్యాపారం గూర్చి ఖతీబ్ బగ్దాదీ మొదలైన చరిత్రకారులు కొన్ని సంఘటనలు రాసిపెట్టారు. మూడు మాత్రం చెబుతాను.

ఒకసారి ఒక స్త్రీ పట్టుబట్ట అమ్మడానికి తెచ్చింది. ధర 100 అన్నది. ఇది అంతకన్నా ఎక్కువ చేస్తుందని కొనేవారే అన్నారు. ఆమె నూరు నూరు పెంచుకుంటూ 400 దాకా వచ్చింది. అప్పటికీ తక్కువే అన్నారు ఇమామ్ సాహెబ్. తనతో పరాచికాలాడుతున్నారని ఆమెకు అనుమానం వచ్చింది. బట్ట విలువ తెలిసిన ఒక మనిషిని పిలిపించుకోమన్నారు. చివరకు 500కు కొన్నారు. అమ్మేవారికి సరుకు విలువ తెలియకపోతే ఆ తెలియనితనం మీద లాభం తీయకూడదని ఆయన పట్టుదల.

మరొకసారి ఒక ముసలామె వచ్చి, నేను బలహీనురాలిని, ఈ బట్ట మీకు పడిన ధరకే ఇవ్వండని అడిగింది. నాలుగు దిర్హములు ఇవ్వమన్నారు. ముసలిదాన్ని ఎగతాళి చేయవద్దని ఆమె బాధపడింది. అప్పుడు ఆయన లెక్క చెప్పారు. తాను రెండు బట్టలు కలిపి కొన్నాననీ, వాటిలో ఒకటి అమ్మితే మొత్తం పెట్టుబడిలో నాలుగు దిర్హములు తప్ప తక్కినదంతా వచ్చిందనీ, ఇక దీనికి పడింది నాలుగేననీ వివరించారు. పడిన ధర అని ఒప్పుకున్న తరువాత అసలు లెక్క దాచడం ఆయన దృష్టిలో మోసం.

మూడవది ఆయన భాగస్వామి హఫ్స్ బిన్ అబ్దుర్రహ్మాన్ కథ. సరుకు పంపుతూ, అందులో ఒక బట్టకు ఐబు వుందనీ, అమ్మేటప్పుడు కొనేవారికి చూపించి చెప్పాలనీ ఇమామ్ గారు కబురు చేశారు. హఫ్స్ మరచిపోయాడు. సరుకంతా అమ్మేశాడు. ఎవరు కొన్నారో తెలియలేదు. కొన్నవాడు దొరికితే బట్ట వాపసు తీసుకోవచ్చు, లేదా వేరే విధంగా సరిచేయవచ్చు. దొరకనివాడికి ఏమి చేయగలరు? ఆ అమ్మకం మీద వచ్చిన మొత్తం డబ్బును ఇమామ్ సాహెబ్ దానం చేసేశారు. ఒక్క బట్ట ఐబు కోసం అమ్మకం డబ్బంతా పోయింది.

సౌదా ఎప్పుడు కుదిరినట్టు?

ఇప్పుడు ఆయన చెప్పిన సూత్రాలు చూద్దాం. ఆయన తన చేతితో రాసిన న్యాయగ్రంథం మనకు మిగలలేదు. శిష్యులు, ముఖ్యంగా ఇమామ్ ముహమ్మద్ షైబానీ, రాసి నిలిపినవే మనకు ఆధారం.

ఒకరు అమ్ముతానన్నారు, అవతలివారు ఆ కూర్చున్న బైఠకులోనే సరేనన్నారు. అంతే, సౌదా కుదిరింది. ఇద్దరూ లేచి వెళ్లేదాకా ఎవరైనా మాట మార్చుకోవచ్చునని కొందరు ఇమాములు చెప్పారు. అబూ హనీఫా ఒప్పుకోలేదు. ఒప్పుకున్న మాటే కట్టు అన్నారు. ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలంటే ముందే చెప్పుకోవాలి. అట్లా చెప్పుకున్నా మూడు రోజులకు మించకూడదని ఆయన అభిప్రాయం. బేరాల్లో తరచు మోసపోయే ఒక సహాబీకి ప్రవక్త (స) మూడు రోజుల వ్యవధి పెట్టుకోమని చెప్పిన ఆధారం దీనికి వున్నది. శిష్యులిద్దరూ మాత్రం, ఇద్దరికీ సమ్మతమైతే ఎన్ని రోజులైనా పెట్టుకోవచ్చునన్నారు.

ఇక ఎవరు ముందు ఇవ్వాలి? ఇది బజారులో రోజూ వచ్చే తగాదా. డబ్బు ఇస్తేనే సరుకు అని ఒకరు, సరుకు ఇస్తేనే డబ్బు అని ఇంకొకరు. హనఫీ న్యాయంలో నగదు బేరమైతే కొన్నవాడు ముందు ధర చెల్లించాలి. ధర అందేదాకా సరుకును తన దగ్గరే ఆపుకునే హక్కు అమ్మినవాడికి వుంది. అరువుకు ఒప్పుకున్నవాడికి ఆ హక్కు లేదు, సరుకు ఇచ్చేయాలి. సరుకుకు సరుకు మార్పిడి అయితే ఇద్దరూ ఒకేసారి ఇచ్చిపుచ్చుకోవాలి.

సరుకు చేతికి అందకముందే పాడైతే? నష్టం అమ్మినవాడిదే. సౌదా రద్దవుతుంది. ధర పుచ్చుకుని వుంటే తిరిగి ఇవ్వాలి. కదిలించగల సరుకును తన స్వాధీనంలోకి తీసుకోకుండా ఇంకొకరికి అమ్మకూడదన్నది కూడా దీనికి తోడు నియమమే. తన చేతికి వస్తుందో రాదో తెలియనిదాన్ని అమ్మితే రెండు ఒప్పందాలూ చెడిపోతాయి కదా.

చూడని సరుకు, ఐబున్న సరుకు

చూడకుండా కొనవచ్చునా? కొనవచ్చునన్నారు ఇమామ్ సాహెబ్. కాని చూచిన తరువాత వుంచుకోవడమో, వద్దనడమో కొన్నవాడి ఇష్టం. చూడకుండా అమ్మినవాడికి కూడా ఆ హక్కు వుందని ఆయన మొదట అనుకునేవారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) బస్రాలోని తమ భూమిని హజ్రత్ తల్హా (రజి)కు అమ్మినప్పుడు, ఇద్దరూ ఆ భూమిని చూడలేదనీ, మధ్యవర్తి ఆ హక్కు కొన్నవారికే ఇచ్చారనీ వున్న ఆధారాన్ని బట్టి, తమ మొదటి అభిప్రాయాన్ని ఆయన వదులుకున్నారు. అంత పెద్ద పండితుడై వుండి కూడా వెనక్కు తీసుకోవడానికి సంకోచించలేదు.

ఐబు అంటే ఏమిటి? ఆ సరుకు వ్యాపారం చేసేవాళ్ల వాడుకలో ధర తగ్గించేది ఏదైనా ఐబే. కొన్నవాడికి ముందు తెలియకుండా ఐబు బయటపడితే, పూర్తి ధరకు వుంచుకోవాలి లేదా వాపసు ఇచ్చి మొత్తం డబ్బు తీసుకోవాలి. సరుకు నా దగ్గరే వుంచుకుంటాను, కొంత ధర తగ్గించు అనే హక్కు వుండదు. ఎందుకంటే తగ్గించిన ధరకు అమ్మడానికి అమ్మినవాడు ఒప్పుకోలేదు కదా.

మరి బట్ట కత్తిరించిన తరువాత ఐబు కనిపిస్తే? ఇక్కడ బట్టల వ్యాపారి అనుభవం కనిపిస్తుంది. కత్తిరించిన బట్టను అమ్మినవాడి మీద బలవంతంగా వేయడం అన్యాయం. ఐబు బట్టకు పూర్తి ధర కొన్నవాడు భరించడమూ అన్యాయం. అందుకని అప్పుడు మాత్రం ఐబు వల్ల తగ్గిన విలువను కొన్నవాడు తిరిగి పుచ్చుకోవచ్చు. కత్తిరించినదాన్ని అట్లాగే వాపసు తీసుకుంటానని అమ్మినవాడు అంటే, ఆ ఇష్టం అతనికి వుంది. కుట్టేశారు, లేదా రంగు వేశారు అనుకోండి, ఇక వాపసు కుదరదు. ఎందుకంటే ఇప్పుడు అందులో కొన్నవాడి దారం, కొన్నవాడి రంగు కలిసివున్నాయి. తగ్గిన విలువ ఇవ్వవలసిందే.

ఇంకొక సంగతి. ఏ ఐబు వున్నా నాకు బాధ్యత లేదని ముందే చెప్పి, కొనేవాడు ఒప్పుకుంటే, హనఫీ న్యాయం ఆ అమ్మకాన్ని చెల్లదనదు. ఈ వెసులుబాటు వుండి కూడా ఆయన ఐబు చూపించి అమ్మమన్నారు. హఫ్స్ కథను ఈ సూత్రంతో కలిపి చదివితే, చట్టం ఎక్కడ ఆగుతుందో, మనిషి అక్కడి నుంచి ఇంకెంత దూరం నడవాలో తెలుస్తుంది.

ముందు డబ్బు, తరువాత సరుకు

రైతుకు పంటకు ముందే డబ్బు కావాలి. వర్తకుడికి పంట తరువాత ధాన్యం కావాలి. ఈ అవసరానికి వున్న ఒప్పందం పేరు సలమ్. లేని సరుకును అమ్మకూడదన్న నియమానికి ఇది మినహాయింపు. ఆ మినహాయింపు తగాదాకు దారి తీయకుండా అబూ హనీఫా ఏడు షరతులు పెట్టారు. ఏ సరుకు, అందులో ఏ రకం, ఎటువంటి నాణ్యత, ఎంత కొలత లేదా తూకం, ఏ గడువు, ముందు ఇచ్చే పైకం ఎంత, మోతబరువు గల సరుకైతే ఏ చోట అప్పగించాలి. ఈ ఏడూ తేలాలి. పైకం ఆ బైఠకులోనే పూర్తిగా చేతికి అందాలి.

ఫలానా చెట్టు ఖర్జూరాలనో, ఫలానా చిన్న వూరి పంటనో పేరు పెట్టి సలమ్ చేయకూడదు. ఆ చెట్టు కాయకపోతే, ఆ వూరి పంట ఎండిపోతే ఏమవుతుంది? ఒప్పందం జరిగిన రోజు నుంచి గడువు దాకా బజారులో దొరికే సరుకు మీదనే చేసుకోవాలి. ఇంత జాగ్రత్త పడ్డా, గడువు నాటికి సరుకు దొరకకుండా పోతే కొన్నవాడికి రెండు దారులు. మళ్లీ దొరికేదాకా ఆగవచ్చు, లేదా తాను ఇచ్చిన అసలు వెనక్కు తీసుకోవచ్చు. ఆలస్యమైంది గనుక రోజుకు ఇంత అని పైకం పెంచుతూ పోవడం మాత్రం వడ్డీ కిందికి వస్తుంది.

బాకీ చెల్లించలేనివాడి విషయంలోనూ ఆయన మాట ఆలోచింపజేస్తుంది. కొన్నవాడు సరుకు తీసుకుని, ధర ఇవ్వకముందే దివాలా తీశాడనుకోండి. నా సరుకు ఇంకా అక్కడే వుంది, నాకే ఇవ్వండి అనే ప్రత్యేక హక్కు అమ్మినవాడికి లేదు. తక్కిన అప్పులవాళ్లతో సమానంగా అతనికీ వాటా. నమ్మి అప్పగించిన తరువాత అతనూ ఒక అప్పులవాడే. ఇమామ్ షాఫయీ గారి అభిప్రాయం దీనికి భిన్నం.

కొరడా, చెరసాల

ఇంత న్యాయం తెలిసినవారిని పాలకులు న్యాయాధికారిగా పెట్టుకోవాలనుకోవడం సహజం. బనూ ఉమయ్యా కాలం చివర్లో ఇరాక్ గవర్నరు ఇబ్నె హుబైరా పదవి తీసుకోమన్నాడు. ఇమామ్ సాహెబ్ నిరాకరించారు. కొరడా దెబ్బలు తిన్నారు గాని ఒప్పుకోలేదు. తరువాత మక్కా వెళ్లి కొంతకాలం వుండి, అబ్బాసీల పాలన వచ్చిన పిమ్మట తిరిగి వచ్చారు.

762లో ఖలీఫా మన్సూర్ బగ్దాద్ నగరం కట్టడం మొదలుపెట్టాడు. ఇమామ్ గారిని పిలిపించి ఖాజీ పదవి ఇచ్చాడు. తాను తగనని ఆయన అన్నారు. అబద్ధమన్నాడు ఖలీఫా. అబద్ధాలాడేవాడు ఖాజీగా ఎట్లా పనికివస్తాడని ఆయన ఎదురు తర్కం చెప్పారట. ఆయనకు అలీ వంశీయుల తిరుగుబాటు పట్ల సానుభూతి వుందన్న అనుమానం కూడా ఖలీఫా కోపానికి కారణమని చరిత్రకారులంటారు. చెరసాలలో పెట్టారు. హిజ్రీ 150లో, క్రీ.శ. 767లో, బగ్దాద్‌లో కన్నుమూశారు. చెరలోనే పోయారని చాలామంది రాశారు. ఖైజురాన్ ఖబ్రస్తాన్‌లో దఫనం చేశారు. ఆ పేట ఈనాటికీ ఆయన బిరుదు మీద ఆజమియా అని పిలువబడుతున్నది.

ఆయన పదవిని ఎందుకు కాదన్నారు? రాజు మనసెరిగి తీర్పు చెప్పవలసి వస్తే, రెండు పక్షాలకూ సమానంగా వుండవలసిన తూకం ఒకవైపు ఒరుగుతుంది. బట్ట విలువ తెలియని స్త్రీ దగ్గర తక్కువ ధరకు కొననివారు, న్యాయాన్ని మాత్రం తక్కువ ధరకు ఎట్లా అమ్ముతారు?

తరువాతి కథ

ఆయన కాదన్న పదవినే శిష్యుడు అబూ యూసుఫ్ స్వీకరించి, హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ అయ్యారు. ఆ విధంగా హనఫీ న్యాయం రాజ్యమంతటా పాకింది. 12వ శతాబ్దంలో మర్గీనానీ హిదాయా రాశారు. మన దేశంలో ఔరంగజేబు కాలంలో ఫతావా ఆలంగీరీ తయారైంది. తుర్కీ ఉస్మానీయులు 1869 నుంచి 1876 దాకా మజల్లా పేరుతో 1851 సూత్రాల సివిల్ చట్టాన్ని వెలువరించారు. దాని మొదటి గ్రంథం అమ్మకాల గురించే. కొన్నిచోట్ల వారు ఇమామ్ గారి మాట వదిలి శిష్యుల మాట తీసుకున్నారు. ఉదాహరణకు, చెప్పి చేయించుకునే వస్తువు చెప్పినట్టే తయారైతే ఇక ఎవరూ వెనక్కు పోరాదన్న అబూ యూసుఫ్ గారి అభిప్రాయాన్ని స్వీకరించారు.

మన హైదరాబాదుకు ఇందులో గొప్ప వాటా వున్నది. 1888లో స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ అరబీ గ్రంథాలెన్నో అచ్చు వేసింది. జామియా నిజామియాలో బోధించిన మౌలానా అబుల్ వఫా అఫ్గానీ (మరణం 1975) ఇమామ్ గారి పేరు మీదనే ఎహ్యావుల్ మఆరిఫిన్ నూమానియా అనే సంస్థను హైదరాబాదులో నడిపి, శిష్యుల మూలగ్రంథాలను వెతికి, సరిచూచి ప్రకటించారు. కూఫా బజారు మాట లోకానికి మళ్లీ అందడంలో మన ఊరి ప్రెస్సుకు కూడా పాత్ర వుంది. ఉర్దూ చదివేవారికి అల్లామా షిబ్లీ రాసిన సీరతున్ నూమాన్ వుండనే వుంది.

ఇవాళ మన దేశంలో ఒప్పందాలకు 1872 కాంట్రాక్టు చట్టం, సరుకు అమ్మకాలకు 1930 సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం వర్తిస్తాయి. ధర రానిదే సరుకు ఆపుకునే హక్కు అందులోనూ వున్నది. తేడాలూ వున్నాయి. సంతలో ఒక ఎద్దును చూచి బేరం కుదుర్చుకుని, రేపు తోలుకుపోతానని అమ్మినవాడి దగ్గరే వదిలారనుకోండి. రాత్రి అది అతని తప్పు లేకుండా చచ్చిపోతే, ఇమామ్ గారి న్యాయంలో నష్టం అమ్మినవాడిది. 1930 చట్టంలో, వేరే విధంగా మాట్లాడుకోకపోతే, హక్కు బేరంతోనే మారింది గనుక నష్టం కొన్నవాడిది. కోర్టుకు పోతే ఈ చట్టమే చెల్లుతుంది గనుక, ఇటువంటివి ముందే మాట్లాడుకుని కాగితం మీద పెట్టుకోవాలి.

మనం చేయవలసింది

మన బజారుల్లో తగాదాలు ఎక్కువగా బజానా దగ్గర వస్తున్నాయి. పిల్ల పెళ్లికని దాచిన డబ్బులోంచి బజానా ఇచ్చి, మిగతాది గడువుకు కుదరక, ఇచ్చింది కూడా పోగొట్టుకున్న కుటుంబాలు మన చుట్టూ వున్నాయి. కొన్నవాడు వెనక్కు తగ్గితే బజానా అమ్మినవాడిదే అనే షరతుతో చేసే అమ్మకాన్ని హనఫీ ఫుఖహా చెల్లదన్నారు. దేశ చట్టం కొన్ని హద్దులలో దాన్ని అనుమతిస్తుంది. అనుమతి వుంది కదా అని మింగేయడమా, తనకు నిజంగా జరిగిన నష్టం ఎంతో చూచి మిగతాది తిరిగి ఇవ్వడమా, అది మన చేతిలో వుంది. ఇద్దరూ ఒప్పుకుని సౌదాను పాత ధరకే రద్దు చేసుకునే పద్ధతి ఒకటి వుంది. దాని పేరు ఇఖాలా. చిక్కుల్లో పడిన సోదరుడికి ఇఖాలా ఇవ్వడం పెద్ద పుణ్యమని మన పెద్దలు చెబుతారు.

కాబట్టి బేరం చేసేముందు ఏ సరుకు, ఎంత, ఏ నాణ్యత, ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు అన్నవి తేల్చుకుందాం. ఐబు వుంటే నోరు తెరిచి చెబుదాం. ఒప్పుకున్న తరువాత నష్టం వచ్చినా నిలబడదాం. అవతలివాడు నిజంగా నిలబడలేకపోతే కాస్త ఆగుదాం. ఇమామె ఆజం పేరు చెప్పుకునే మనం ఆయన దుకాణం తీరును కూడా మన దుకాణాల్లోకి తెచ్చుకునే తౌఫీఖ్ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.